పునరారంభము

భర్తృహరి మనుష్యులను మూడు తెగలుగా విభజించినాడు. విఘ్నములు కలుగునను భయముచే పనినే ఆరంభింపనివారు మొదటి తెగ. ఆరంభించి విఘ్నము తగిలినంతనే విడిచిపెట్టువారు రెండవ తెగ. ఎన్ని యడ్డంకులు వచ్చినను తుదముట్టించువారు మూడవ తెగ. ఏనుగు లక్ష్మణకవి తెనుగుసేత మూలమున ఈ విభాగము మన యిండ్లలో బడిపిల్లలకు సైతము కంఠస్థమై యున్నది. అయితే ఆ మహాకవి లెక్కలోనికి రాని నాలుగవ తెగ యొకటి కలదని మాకు దోచుచున్నది. వీరు పనికి జంకువారు కారు, విఘ్నమునకు లొంగువారును కారు. సగము దూరము నడచి, వెనుదిరిగి చూచి, తాము వేసిన మొదటి యడుగులు వంకరగా నున్నవని సిగ్గుపడి, మరల బయలుదేరిన చోటికే పోయి నడక మొదలిడుదురు. వీరి శ్రమకు కొరత లేదు. శ్రద్ధకు అంతకన్నను లేదు. గమ్యము మాత్రము దగ్గరపడదు. వీరిని నిందింపవలెనా, మెచ్చుకొనవలెనా, యనునదియే మేమిచ్చట విచారింపదలచిన ప్రశ్న.

ప్రశ్న పాతదే యైనను దాని కిప్పుడు క్రొత్త సందర్భ మొకటి యేర్పడినది. చిత్రలేఖనమునం దభిరుచి గల యువతీయువకులు పెక్కండ్రు అంతర్జాలమునందు బొమ్మలకథలను వారమున కొక పుటయో, రెండు పుటలో చొప్పున ప్రకటించుచున్నారు. వీనికి వెబ్‌కామిక్కులని పేరు. వీనికి ప్రచురణకర్త లేడు, సంపాదకుడు లేడు, ముద్రణాలయము లేదు. గీసినవారే ప్రకటింతురు. పగలు వేరొక యుద్యోగము చేసికొని, రాత్రి భోజనమైన పిమ్మట దీపము ముందు గూర్చుండి గీయువారే యెక్కువ. కథ మొదలిడునప్పటికి వీరికి చేయి కుదిరి యుండదు. రెండు మూడేండ్లు విడువక గీయుటచేతనే కుదురును. కుదిరిన పిమ్మట మొదటి పుటలను దిరిగి చూచుకొందురు. కథానాయకుని ముక్కు పుటపుటకును మారియుండును. చేతులు కట్టెలవలె నుండును. అప్పుడు గొప్పగా దోచిన సంభాషణ మిప్పుడు చెవికి ములుకువలె దాకును. ఇంతకును క్రొత్త పాఠకుడు లోపలికి వచ్చునది ఆ మొదటి పుట మీదుగనే గదా! ఇల్లంతయు ముచ్చటగా గట్టుకొని వీథిగుమ్మము మాత్రము మొండిగోడగా విడిచినవాని కష్ట మీ చిత్రకారునిది. అందుచే, ఉన్న కథను ఉన్నట్లే ముందునకు నడపుదునా, మొదటినుండి మరల గీయుదునా, లేక యంతయు దుడిచి క్రొత్తకథగా నారంభింతునా, యని లోలోన నలిగిపోవును.

మేము నివసించు కల్లూరు పెద్ద పట్టణము కాదు. ఖమ్మమునుండి వైరా, తల్లాడల మీదుగా సత్తుపల్లికి బోవు బాటపై నున్న యూరు. దగ్గర వరిపొలములు, మామిడితోటలు. ఈశాన్యముగా సాగిపోయి కొత్తగూడెము, పాల్వంచ దాటినచో గోదావరి యొడ్డున భద్రాచలము, దాని చుట్టును అడవులు. ఇట్టి చోటనుండి సైతము చేతిలో నొక ఫోనును, గీయుట కొక పలకయు గలవారు లోకమునకు బొమ్మలకథ చెప్పగలుగుచున్నారు. అట్టి పిల్ల యొకతె మన యింటనే యున్నదనియు, మూడేండ్లు గీసిన కథను జూపి, "దీనిని జెరిపి మరల మొదలిడుదునా?" యని తండ్రినో మేనత్తనో యడిగిన దనియు నూహింపుడు. పెద్దలు చెప్పు సమాధాన మేమి? "నీ యిష్టము" అనుట సులభము. అది సమాధానము కాదు.

మొదట చిన్న లెక్క యొకటి వేసికొందము. వారమున కొక పుట చొప్పున మూడేండ్లు గీసినచో 156 పుటలగును. వానిని మరల గీయుటకు, అదే వేగమున నైనచో, ఇంకను మూడేండ్లు పట్టును. ఈ మూడేండ్లలో కథ యొక్క యడుగైనను ముందునకు సాగదు. వేగము రెట్టింపైనను ఏడాదిన్నర. అయితే చేయి యింతలో నూరకుండునా? ఇంకను కుదురును. 156వ పుట ముగియునప్పటికి, మరల గీసిన మొదటి పుట మునుపటివలెనే సిగ్గు గొలుపుచుండును. కావున చేతి నైపుణ్యమును బట్టి పునరారంభించువాడు తన నీడను దాటబోవువానివంటివాడు. నేర్పు పెరిగినదను కారణము ఒకసారి చాలినచో ప్రతిసారియు చాలును. ప్రతిసారియు చాలు కారణ మేసారికిని కారణము కాజాలదు. ఇది చిత్రకారులకు రుచింపని లెక్క యని యెరుగుదుము. కాని లెక్క తప్పలేదు.

అట్లని పునరారంభ మెన్నటికిని తగదని మేము చెప్పబోము. మన వాకిళ్లలో ప్రతిదినము ఉదయమున ఈ వివేకము మన యాడువారి చేతివ్రేళ్లలో గనబడుచున్నది. చుక్కలముగ్గు వేయునప్పుడు గీత యొకచోట దారి తప్పినచో, తడిచేతితో నంతవరకు దుడిచి, గీతను సరిచేసి, ముగ్గును ముగింతురు. ఆ మాత్రమునకు వాకిలి యంతయు మరల గడుగు నిల్లాలు లేదు. కాని చుక్కల లెక్కయే తప్పినచో? అయిదు పెట్టవలసిన వరుసలో నాలుగు పెట్టినచో ఎంత నేర్పరి చేతిలోని గీతయైనను కలిసిరాదు. అప్పుడు కడిగివేయుటయే పని. గీత తప్పుట వేరు, చుక్క తప్పుట వేరు. బొమ్మలకథలో గీత యన నేమో చెప్పనక్కరలేదు. చుక్క యన నేమి? కథ యెవరిని గూర్చినది, ఎచ్చటికి బోవుచున్నది, అందలి మనుష్యులను గూర్చి అది చెప్పునది నిజమా కాదా, యనునవి చుక్కలు. ఈ రెంటిని గలుపుకొనుటచేతనే పెక్కండ్రు మంచి పనివారు నాలుగవ తెగలో బడిపోవుచున్నారు.

మన సారస్వతమునకు మూలకందమైన గ్రంథమే ధారావాహికముగా బుట్టినదని చెప్పవచ్చును. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున నన్నయభట్టు భారతమునకు బూని, ఆదిసభాపర్వములను ముగించి, అరణ్యపర్వము నడుమ నాగిపోయెను. పదుమూడవ శతాబ్దమున నెల్లూరిసీమలో తిక్కన దానిని జేపట్టెను. ఈ రెండువందల యేండ్లలో తెలుగు మారినది, పాఠకులు మారిరి. తిక్కన శైలి నన్నయ శైలి కాదు. నన్నయ సంస్కృతపు నడకకును తిక్కన తేటతెనుగు పలుకుబడికిని ఎంత దూరమో చదువరు లెరుగుదురు. మొదటినుండి తానే వ్రాసికొనగల శక్తి తిక్కనకు లేకపోలేదు. అట్లు వ్రాసినచో పదునెనిమిది పర్వములును ఒకే చేతి పనితనముతో మెరసి యుండెడివి. ఆయన యట్లు చేయలేదు. విరాటపర్వముతో మొదలిడి పదునేను పర్వములను బూర్తిచేసెను. మిగిలిన యరణ్యపర్వశేషము పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱనకు దక్కినది. ఎఱ్ఱన చేసినది మరియు వింత. నన్నయ విడిచిన చోట నందుకొని, తొలుత నన్నయ పోకడగా నడచి, రానురాను తిక్కన తీరునకు జేరుకొన్నాడని విమర్శకులు చెప్పుదురు. ఆ భాగమును తన ప్రభువునకు గాక, నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునకే యంకిత మొనర్చెను. అతుకు కనబడకుండుటకు గాదు, మునుపటివాని మాట చెల్లుటకు.

ఇది ముగ్గురి కథ గదా, ఒకే రచయిత సమస్యకు దీనితో నేమి పని, యని కొంద రడుగవచ్చును. మూడేండ్లనాడు గీసిన చిత్రకారుడును, నేడు గీయుచున్న చిత్రకారుడును ఒక్కడే యని మే మంత సులభముగా నొప్పుకొనము. నేటివాడు నాటివానికి వారసుడు. నాటివాని పనిని జూచి నేటివాడు సిగ్గుపడుటకు గారణ మతడు వేరొకడై పోవుటయే. తిక్కన నన్నయయెడల జూపిన మర్యాదలో నించుకయైనను మనము మన పూర్వరూపమునెడల జూపరాదా? ఆనాడు చేతకాకపోయినను పుట పుటకు కూర్చుండి గీసినవాడు లేనిచో ఈనాటి నేర్పరి యెచ్చటనుండి వచ్చెను?

ఇక చుక్కలే మారిన కథకు మనకు కన్యాశుల్కమును మించిన యుదాహరణము లేదు. గురజాడ అప్పారావుగారి నాటకము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడినది, 1897లో అచ్చుపడినది. అది అయిదంకముల నాటకము. పండ్రెండేండ్ల పిమ్మట, 1909లో, రెండవకూర్పు వెలువడినది. అది యేడంకముల నాటకము. పేరొకటియే, పాత్రల పేర్లు కొన్ని యొకటియే. కాని చదివినవారు దానిని వేరొక గ్రంథమే యందురు. తొలికూర్పున చిన్నపాత్రగా నున్న మధురవాణి మలికూర్పున కథను నడపు చేయి యైనది. సంఘసంస్కర్తలమని చెప్పుకొనువారు వేశ్యయని దూరముగా నుంచిన స్త్రీయే ఆ సంస్కర్తలకన్న నెక్కువ వివేకమును, దయను జూపుట యను భావము తొలికూర్పున మొలక మాత్రమే. మలికూర్పున అది వృక్షము. నాటకము దేనిని గూర్చినదను ప్రశ్నకే జవాబు మారిపోయినది. ఆడుపిల్లల యమ్మకమును గూర్చిన ప్రహసనము మనుష్యుల మంచిచెడ్డలను దూచు మహానాటకమైనది. ఇట్టి మార్పు గీత దిద్దుటచే రాదు. మరల చుక్కలు పెట్టవలసినదే.

ఇచ్చట మనము గమనింపవలసిన దింకొకటి కలదు. తొలికూర్పు సగమున నాగలేదు. అది ముగిసిన నాటకము, రంగస్థల మెక్కినది, అచ్చుపడినది, తన పని తాను చేసినది. ఆ పని యెట్టిదో తెలిసికొనుటకు మొదటికూర్పు పీఠికను జూడవలెను. విశాఖపట్టణమండలమున బ్రాహ్మణుల యిండ్లలో మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టికను మహారాజు ఆనందగజపతి వేయింపగా అవి 1034గా దేలినవని అందు గలదు. పెండ్లికూతుండ్రలో ఊయలలోని శిశువులు సైతము గలరట! అప్పారావుగారు, "నా చేయి యింకను కుదురలేదు, మధురవాణి నా కింకను బోధపడలేదు" అని పండ్రెండేండ్లు నాటకమును పెట్టెలో నుంచినచో ఆ పిల్లల మాట యెవరు చెప్పియుందురు? అవసరమైనప్పుడు చేతనైనంతలో ముగించి లోకమున కిచ్చుట, తనకు బోధపడినప్పుడు మరల మొదలిడుట. ఈ రెండును ఒకే మనుష్యునిలో నుండుట మాకు మిక్కిలి యాశ్చర్యమును గొలుపును. ఆయన యెన్నో పనులను సగమున విడిచినవాడు గూడ. కొండుభట్టీయమును, బిల్హణీయమును పూర్తికాలేదు. అందుచే ఆయనను మచ్చలేని యాదర్శముగా నిలుపుట మా యుద్దేశము కాదు. కాని కన్యాశుల్కము విషయమున ఆయన క్రమము సరియైనది: ముందు ముగింపు, తరువాత పునరారంభము.

ఆ నడిమి పండ్రెండేండ్లు ఏమి జరిగినది? మా సీమలో పోడు వ్యవసాయమును జూచినవారి కిది తెలియుట కష్టము కాదు. అడవిలో నొక చెక్కను నరికి, కాల్చి, కొన్నేండ్లు పండించి, పిమ్మట దానిని విడిచి వేరొకచోటికి బోవుట కోయల పూర్వపద్ధతి. పట్టణవాసులు దీనిని జూచి, "నిలుకడ లేనివారు, భూమిని పాడుచేసి పోవుదురు" అని నిందించుట కలదు. కాని విడిచిన చెక్క పాడుపడుటలేదు. తుప్ప పెరిగి, ఆకు రాలి, మన్ను మరల బలపడును. చాలినంత భూమి యున్న దినములలో వారు కొన్నేండ్లకు మరల నచ్చటికే వచ్చెడివారు. విడుచుట వేరు, బీడు పెట్టుట వేరు. ధారావాహికమును నిలిపిన చిత్రకారుడు తాను చేయుచున్నది ఈ రెంటిలో నేదియో తనకు తాను నిజము చెప్పుకొనవలెను.

బొమ్మలకథల లోకమునుండియే ఇంకొక నిదర్శనము చూపెదము. బెల్జియము దేశీయుడైన హెర్జే 1929 మొదలు టింటిన్ అను బాలవిలేఖరి కథలను పిల్లలపత్రికలో వారమువారము గీయుచు వచ్చెను. ఆ కథలలో నొకటి బ్రిటను దేశమున జరుగును. దాని పేరు నల్లదీవి. 1938లో నది పుస్తకమైనది. 1943లో రంగులతో మరల వెలువడినది. 1960ల దశకమున బ్రిటిషు ప్రచురణకర్తలు దానిని ఇంగ్లీషున బ్రకటింపబూని, తమ దేశపు బండ్లు, దుస్తులు, భవనములు మున్నగువానిలో 131 తప్పులు గలవని పట్టిక పంపిరి. హెర్జే తన సహాయకుని స్కాట్లండునకు బంపి, అన్నిటిని జూచి గీయించుకొని, 1966లో పుస్తకమంతయు క్రొత్తగా గీయించెను. ఇప్పుడు తప్పులు లేవు. అయినను పాత నల్లదీవిలోని చురుకు క్రొత్తదానిలో లేదని చెప్పు పాఠకు లీనాటికిని పెక్కండ్రు. రెంటిని బ్రక్కప్రక్కన బెట్టి చూచినచో మేమును వారితో నేకీభవింతుము. నూటముప్పది యొక్క గీతలు సరియైనవి. చుక్కలు మొదటినుండియు సరిగానే యుండెను.

ఇంతకన్న విచారింపదగినది ఆయన కాంగో కథ. 1930-31లో గీసిన ఆ కథలో ఆఫ్రికావాసులు వికృతముఖములతో, బుద్ధిహీనులుగా, తెల్లవానికి సాగిలబడువారుగా గనబడుదురు. 1946లో హెర్జే దీనిని మరల గీసెను. బడిలోని నల్లపిల్లలకు బెల్జియమే మీ దేశమని పాఠము చెప్పు ఘట్టమును దీసి, కూడికల లెక్క పెట్టెను. గీత మెరుగైనది, రంగులు వచ్చినవి, పుటలు కుదించబడినవి. ఆ ముఖములు మాత్రమట్లే మిగిలినవి. మార్పవలసినదానిని దప్ప దాదాపన్నిటిని మార్చిన పునరారంభ మిది! దీని కెదురుగా, 1934లో చీనాదేశమును గూర్చి కథ మొదలిడునప్పుడు హెర్జే బ్రస్సెల్సునందు చదువుకొనుచున్న ఝాంగ్ చోంగ్‌రెన్ అను చీనా విద్యార్థిని గలిసికొని, అతని యొద్ద ఆ దేశపు లిపిని, వీథులను, మనుష్యులను నేర్చుకొని, నీలికమలము అను కథను గీసెను. అందలి చీనావారు మనుష్యులు. చూడుడు: పాత పుటలను మరల గీయుటచే దొరకని మార్పు క్రొత్త కథ గీయుటకు ముందు ఒక మనుష్యునితో గూర్చుండి మాటలాడుటచే దొరికినది.

ఇది దూరదేశపు మాట యని మనము తప్పించుకొనరాదు. భద్రాచలపు టడవిని గూర్చి కథ గీయు మన చిత్రకారునినే తలచుకొందము. వాని మొదటి పుటలలో కోయవారు ఆకులు కట్టుకొని, బల్లెములు పట్టుకొని, అర్థములేని కేకలు వేయుచు నుందురనుకొందము. సినిమాలలో జూచినది అంతే గావున గీసినదియు నంతే. మూడేండ్లు గడచిన పిమ్మట వానికి నిజమైన కోయలు పరిచితులగుదురు. వారిలో డోలికోయలను శాఖ కలదనియు, వారు తమ వంశముల దేవతలను, వీరులను బొమ్మలుగా నిలిపిన పడిగెలను బట్టకేతనములను ముందుంచుకొని డోలి వాయించుచు గాథలు పాడుదురనియు తెలియును. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగా రట్టి గాయకులే. సమ్మక్కసారలమ్మల కథను, కోయవీరుల చరిత్రలను కంఠమున నిలిపికొన్న ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024లో ఆయన గతించిరి. బొమ్మ చూపి కథ చెప్పు విద్య మన చిత్రకారుడు పుట్టకమునుపే ఆ యడవిలో నున్నది. వాడు మూడేండ్లుగా వెక్కిరించినది తన గురువంశమునే! ఇట్టి చోట, "కథ ముగిసిన పిమ్మట చూతము" అనుటకు వీలులేదు. ఆ పుటలు నిలిచియున్న ప్రతిదినమును వానిని జదివి నవ్వుకొను పిల్ల లుందురు. తమ యమ్మమ్మను అట్లు చిత్రించుట చూచి తలవంచుకొను పిల్లలును ఉందురు. చేతకాని గీతవలన నష్టపడువాడు గీసినవా డొక్కడే. అన్యాయపు బొమ్మవలన నష్టపడువారు వేరు. కావున ఆ పుటలను వెంటనే మార్పవలెను. కథ యంతయు వానిపైననే నిలిచియున్నచో కథనే యాపవలెను. 156 పుటల శ్రమ పోవునే యన్నచో, పోవలసినదే.

మార్చు తీరునందును ధర్మ మున్నది. వీరేశలింగముగారి రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధనియందు దఫదఫలుగా వెలువడి, 1880లో గ్రంథమైనది. అట్లు పత్రికలో వచ్చినది చందాదారు నింటికి జేరినచో అది వాని సొత్తు. రచయిత తరువాత పుస్తకమున నెన్ని మార్పులు చేసికొన్నను, ఇతరుల పెట్టెలలోని పాత సంచికలలో చేయిపెట్టి దిద్దజాలడు. అంతర్జాలపు పుట యట్టిది కాదు. రాత్రికి రాత్రి పాత పుటను దీసి క్రొత్త పుటను బెట్టవచ్చును. నిన్న చదివినవాడు నేడు చూచి తన జ్ఞాపకమునే శంకించుకొనును. ఈ సౌకర్యము మిక్కిలి యపాయకరమని మా యభిప్రాయము. తప్పు గీసితినని యొప్పుకొనకయే తప్పు లేకుండ జేసికొనుట దీనివలన సాధ్యమగుచున్నది. ఆ యన్యాయపు పుటలను మార్చువాడు, ఫలానా దినమున, ఫలానా కారణమున మార్చితినని అచ్చటనే రెండు పంక్తులు వ్రాయవలెను. కేవలము నైపుణ్యము కొరకు మార్చినవాడు పాతపుటలను వేరొకచోట నుంచి చూడగోరినవారికి జూపుట మేలు. బంగోరె తొలికూర్పును వెదకి తీసి మొట్టమొదటి కన్యాశుల్కమని మరల నచ్చువేయింపకున్నచో, గురజాడ యెంతదూరము నడచెనో మనకు దెలియకయే పోయెడిది. జపానులో వన్ అను మారుపేరు గల రచయిత 2009లో అంతర్జాలమున మొదలిడిన వన్ పంచ్ మాన్ అను బొమ్మలకథను 2012 నుండి మురాతా యను చేయితిరిగిన చిత్రకారుడు క్రొత్తగా గీయుచున్నాడు. అయినను రచయిత తన మొరటుగీతల మూలకథను దుడిచివేయలేదు. రెంటికిని పాఠకులున్నారు.

పాఠకుల మాట వచ్చినది గావున వారి హక్కెంత యనునదియు జెప్పవలెను. "డబ్బు గైకొనక ఇచ్చుచున్నాను, నా యిష్టము వచ్చినప్పుడు ఆపుదును, నా యిష్టము వచ్చినట్లు మార్చుదును" అని చిత్రకారుడు పలుకవచ్చును. ఇందు సగము నిజము కలదు. చదువరి యజమాని కాడు, చిత్రకారుడు కూలివాడు కాడు. ఉద్యోగము చేసి, ఇల్లు చక్కబెట్టుకొని, నిద్ర మానుకొని గీయువానిని తరువాతి పుట యేదని కసరువారిని జూచినచో మాకు కోపము వచ్చును. అయినను మూడేండ్లు వారమువారము తలుపు తట్టినవాడు ఒకనాడు తలుపు మూసియుండుట చూచి కారణ మడుగుట తప్పు కాదు. వానికి విధేయత బాకీ లేదు. మాట బాకీ యున్నది. నిలుపుచున్నామనియు, బీడు పెట్టుచున్నామా విడిచిపెట్టుచున్నామా యనియు చెప్పుట యొకటి. నడుమ చుక్కలు తప్పిన సంగతి బయటపడి కథను మరల మొదలిడవలసి వచ్చినచో, పాతకథ యెట్లు ముగియవలసినదో రెండు పుటలలో మాటలతోనైన జెప్పివేయుట యింకొకటి. అమెరికాలో డేవిడ్ విల్లిస్ అను చిత్రకారుడు 1997లో మొదలిడిన తన పాత్రలనే 2010లో మరల మొదటి దినమునుండి వేరొక కథగా నారంభించెను. కాని ఆ పాత్రల తొలికథ నప్పటికే ఒక ముగింపునకు దెచ్చి యుండెను. అందుచే పాత చదువరులు మోసపోయితిమనలేదు. క్రొత్త కథలో తమ పాత స్నేహితులను వేరొక వెలుగులో జూచికొనిరి.

ఇక మన యింటి పిల్ల యడిగిన ప్రశ్నలో మిగిలినది వీథిగుమ్మము మాట. మొదటి పుటల నట్లే యుంచి ముందునకు బొమ్మన్నచో, క్రొత్తవారు ఆ వంకర గీతలను జూచియే తిరిగిపోవుదురు గదా యని యామె భయము. ఈ భయము నిజమైనదే. దీనికి 156 పుటలను మరల గీయనక్కరలేని యుపాయము మన యిండ్లలోనే యుండెను. చందమామ ధారావాహికలు చదివి పెరిగినవారికి జ్ఞాపక ముండును. ప్రతినెలయు కథకు ముందు, అంతవరకు జరిగినదానిని కొలది పంక్తులలో చెప్పి, తరువాత సంచికలోని కథ నారంభించెడివారు. మునుపటి సంచిక దొరకని పిల్లవాడును, మొదటిసారి పత్రికను జేతబట్టిన పిల్లవాడును ఆ పంక్తుల మీదుగా లోపలికి వచ్చెడివారు. ఆమెయు నట్లే, ఇప్పుడు కుదిరిన చేతితో, జరిగిన కథను మూడు నాలుగు పుటలలో గీసి వాకిట నుంచవచ్చును. అది నెల దినముల పని. ఆ పుటల క్రింద, మొదటినుండి చదువగోరువారికి పాతపుటలకు దారి చూపి, ఏ సంవత్సరమున గీసినవో వ్రాసిపెట్టినచో చాలును. పిమ్మట 157వ పుట గీయవచ్చును.